పంద్రాగస్టు మేకులు

1968 జూలై 28, ఆదివారం

ఈ రోజు నుంచి డైరీ రాస్తాను. తెలుగు ఎం.ఏ. చదివేవాడు రోజుకు ఒక పేజీ అయినా రాయకపోతే ఆ పూట భోజనానికి అర్హుడు కాడని మా లెక్చరర్ గారు క్లాసులో అన్నారు. భోజనం విషయంలో నేను రాజీపడలేను. రోజుకొక కొత్త మాట నేర్చుకుని ఇందులో వాడాలని కూడా నియమం పెట్టుకున్నాను. ఈనాటి మాట: నిగూఢం.

నిగూఢమైన పని ఒకటి మొదలైంది. తార్నాక నుంచి కాలేజీకి వచ్చే రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మలుపులో ఉన్న చింతచెట్టు అడ్డమట. కాంట్రాక్టరు లక్ష్మీనర్సయ్య మనుషులు వచ్చి మానుకు సున్నంతో గుర్తు పెట్టిపోయారు. ఆ చెట్టు కింద బుచ్చవ్వ మక్కకంకులు కాల్చి అమ్ముతుంది. వానాకాలంలో సగం కాలేజీ చదువుకునేది అక్కడే.

ఆ గుర్తు చూసి ఈశ్వరయ్య మండిపోయాడు. వాడు బాటనీ ఎమ్మెస్సీ, అనంతపురం వాడు.

"మా ఊర్లో నీడ కావల్లంటే ఎద్దు పక్కన నిలబడాల. ఎద్దు గూడా ఒప్పుకోవాల. మీకు ఇంత చెట్టుంటే కొట్టేస్తాండారు. మీరు మనుషులేనాప్పా?"

నేను కొట్టడం లేదని చెప్పాను.

"చూస్తా ఊరుకుంటే కొట్టినట్టే."

నాకు చాలా సిగ్గేసింది. వెంటనే సంఘం స్థాపించాం. సభ్యులం ముగ్గురం. ఈశ్వరయ్య, నేను, ఈశ్వరయ్య క్లాసులో చదివే రమాదేవి. వాళ్ళ నాన్న కర్నూలు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, ఇల్లు తార్నాకలోనే. సంఘానికి పేరు నేనే పెట్టాను: నిగూఢ వృక్ష పరిరక్షణ సమితి.

"ఇంత పొడుగు పేరు పెట్టి నిగూఢంగా ఎట్లా ఉంటామండీ?" అంది రమాదేవి.

జూలై 29

ఈ డైరీ ఎవరి చేతిలోనైనా పడితే ప్రమాదం. ఇకనుంచి ఈశ్వరయ్యను 'వేరు' అని, రమాదేవిని 'చిగురు' అని, నన్ను 'కాండం' అని రాస్తాను.

జూలై 30

నిన్నటి పేజీ చదివినవాడికి ఎవరు వేరో ఎవరు చిగురో తెలిసిపోతుందని ఇప్పుడు తట్టింది. ఆ పద్ధతి మానేశాను.

ఆగస్టు 3

లక్ష్మీనర్సయ్యకు బెదిరింపు ఉత్తరం రాసే బాధ్యత నాకు అప్పగించారు. రెండు రోజులు లైబ్రరీలో కూర్చుని రాశాను. ఇలా మొదలవుతుంది:

"మహోన్నత మార్గనిర్మాణ దీక్షాదక్షులైన లక్ష్మీనర్సయ్య గారికి! మీ కుఠారము విరామమెరుగని కాలమిది. కాలము సర్వసాక్షి. ఆ సాక్షి మిమ్ము మరువబోదు..."

ఈశ్వరయ్య రెండుసార్లు చదివాడు. "దీంట్లో బెదిరింపు యాడుండాదప్పా?"

"చివరి రెండు సమాసాల్లో."

వాడు కవరు అంటించాడు. సంతకం చేయకుండా పోస్టు డబ్బాలో వేశాం. డబ్బాలో పడిన చప్పుడు వినగానే వెనక్కి చూడకుండా పరుగెత్తాను. అది ఉత్సాహం.

ఆగస్టు 7

మా ఇంటి యజమానురాలు అమృతమ్మకు లక్ష్మీనర్సయ్య చిన్నాయన కొడుకు అవుతాడట. ఈ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. పొద్దున నీళ్ళ బిందె దించుతూ చెప్పింది.

"మా తమ్మునికి యూనివర్సిటోళ్ళు సన్మానపత్రం పంపిండ్రు బిడ్డా! ఎవరికీ సమజైతలేదట గని, మస్తు గొప్పగున్నదట. పటం కట్టిచ్చి ఆఫీసుల గోడకు పెట్టుకున్నడు. రోజూ అగర్‌బత్తి ముట్టిస్తున్నడు."

సమితికి ఇది పరాజయం. మనసు చాలా బాధపడింది. అయినా నా రచన ఒకటి గోడకెక్కడం ఇదే మొదటిసారి.

ఆగస్టు 10

ఇక మాటలు చాలు, పనిలోకి దిగాలని ఈశ్వరయ్య తీర్మానించాడు. మానుకు ఇనుప మేకులు కొట్టాలి. రంపం పెట్టినప్పుడు మేకు తగిలితే రంపం విరుగుతుంది. ఒకటి విరిగితే రెండోది పెట్టడానికి ఎవడూ రాడు. చిన్నప్పుడు నంద్యాలలో టింబరు డిపోలో వాడు కళ్ళారా చూశాడట.

"రంపం విరిగితే, కోసేవాడికి ఏమైంది?" అని అడిగాను.

ఈశ్వరయ్య మేకుల పొట్లం విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మళ్ళీ అడగాలనుకున్నాను. తర్వాత వేరే మాటల్లో పడ్డాం.

ఈనాటి మాట: అనివార్యం.

ఆగస్టు 15, గురువారం

పని పూర్తయింది.

అందరూ జెండా దగ్గర ఉన్నారు. చెట్టు దగ్గర బుచ్చవ్వ ఒక్కతే గొంగడి ముసుగు పెట్టి పడుకుని ఉంది. గురక పెడుతోంది. ఆమె నిద్ర చెడకుండా ఎన్.సి.సి. బ్యాండు పెద్ద డోలు మోగినప్పుడల్లా ఒక దెబ్బ వేయాలని ఏర్పాటు. చెట్టును తన చేత్తో గాయపరచలేనని ఈశ్వరయ్య కాపలా తీసుకున్నాడు. సుత్తి నాకిచ్చారు.

మొదటి మేకు వంకరపోయింది. రెండోదీ అంతే. మూడోదానికి డోలు ఒక తాళం తప్పింది, దెబ్బ నా బొటనవేలి మీద పడింది. నేను అరవలేదు. ఒక్కసారి "అమ్మా" అన్నాను. నెత్తురు మాను మీద చింది పడింది. రమాదేవి తన జడ ఎర్ర రిబ్బను చింపి వేలికి కట్టింది. మిగిలిన ముక్క కొమ్మకు తగులుకుని ఉండిపోయింది. మేకు దిగిన చోట చెట్టుకు చీడ పట్టకూడదని పసుపు కూడా తెచ్చింది.

"పసుపు పెడితే గాయం కుళ్ళదండీ. మనుషులకైనా, చెట్లకైనా."

ప్రతి మేకు చుట్టూ పసుపు రాశాం. ఎంత బాధ్యతగల విప్లవకారులమో అనిపించింది. జాతీయగీతం మొదలయ్యేసరికి పని ముగించి, అక్కడే అటెన్షన్‌లో నిలబడి, ఆ తర్వాత పారిపోయాం.

బుచ్చవ్వ గురక ఆగలేదు.

ఆగస్టు 16

నేను భయపడటం లేదు.

ఆగస్టు 17

ఈ రోజు కూడా భయపడటం లేదు. రమాదేవి సంచిలోంచి రెండు నిమ్మకాయలు చెట్టు దగ్గర దొర్లిపోయాయట. పచ్చడికి తక్కువయ్యాయని వాళ్ళమ్మ అడిగిందట. వాటిని ఇప్పుడు వెతకడానికి వెళితే అనుమానం వస్తుందని వదిలేశాం.

ఆగస్టు 20

చెట్టు కోసే ఎంకన్న, వాళ్ళ తమ్ముడు పెద్ద రంపం భుజాన వేసుకుని వచ్చారు. మేం ముగ్గురం కాస్త దూరంగా పుస్తకాలు పట్టుకుని నిలబడ్డాం. ఎంకన్న చెట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. రంపం కింద పెట్టాడు. చెప్పులు విడిచాడు.

"అరే, దీన్ని ఎవరో కట్టేసిండ్రు."

"ఏంది అన్నా?"

"దయ్యాన్ని. మేకులు చూస్తలేవా? పసుపు, నిమ్మకాయలు, ఎర్రగుడ్డ, నెత్తురు. ఏం తక్కువున్నది? మంచి పనోడే కట్టిండు గని, మేకులే వంకరున్నయ్. దయ్యం మస్తు కొట్లాడినట్టున్నది."

ఇద్దరూ దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఈశ్వరయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఊళ్ళలో దయ్యాన్ని చెట్టుకు మేకులతో బంధిస్తారని నాకు తెలియదా? పల్లెలోనే పుట్టి పెరిగినవాడిని. మా పెద్దనాయన ఒకసారి కట్టించాడు కూడా. అయినా సుత్తి పట్టుకున్నప్పుడు తట్టలేదు. మేం శాస్త్రీయంగా ఆలోచిస్తున్నాం కదా.

ఏమైతేనేం, చెట్టు బతికింది. విజయం. సాయంత్రం ముగ్గురం తలా రెండు కంకులు తిన్నాం.

ఆగస్టు 22

దయ్యం చరిత్ర రోజురోజుకూ పెరుగుతోంది. మొన్న పరీక్ష తప్పిన కుర్రవాడు. నిన్న నిజాం కాలపు ఇంజనీరు. ఈ రోజు అమృతమ్మ చెప్పిన ప్రకారం ఇంజనీరు భార్య. భర్త ఉద్యోగం పోయిందని విషం తాగిందట. నేను అన్నం కలుపుతూ, ఆ భర్త చివరికి ఏమయ్యాడని అడిగాను. ఆమెకు తెలియదు. కనుక్కుని చెబుతానంది.

కథనంలో బిగువు ఉంది.

ఆగస్టు 24

నచ్చని మాట ఒకటి విన్నాను. దయ్యం ఎవరిదో తేలాక, దాన్ని కట్టింది ఎవరు అని అడుగుతున్నారు. చెట్టు నిలిస్తే ఎవరికి లాభం? పొద్దస్తమానం దాని కింద ఉండేది ఎవరు?

"బుచ్చవ్వకు బాణామతి వస్తదట" అంది అమృతమ్మ. "హాస్టలు పిలగాడు ఆమె కంకులు తిని రాత్రంత కడుపునొప్పితోని పొర్లిండట."

ఆ కుర్రవాడు పందెం కాసి ఏడు కంకులు తిన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ సంగతి చెప్పాను.

"ఏడు తినాలె అని ఎందుకు బుట్టింది వానికి? అదే బాణామతి."

ఆగస్టు 26

బుచ్చవ్వ దగ్గర ఎవరూ కొనడం లేదు. ఒక గుంపు రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచిపోయింది. బుట్ట నిండా కంకులు అలాగే ఉన్నాయి. బొగ్గులు ఆరిపోయాయి.

నేను వెళ్ళి కొన్నాను. ఒకటి తిన్నాక ఇంకొకటి కాల్చమన్నాను. ఆమె నిప్పు ఊదింది. బుట్ట ఖాళీ అయ్యేవరకు కదలకూడదని నిశ్చయించుకున్నాను. అది ప్రాయశ్చిత్తం కాదు. నాకు ఆకలిగా ఉంది.

"కొడుకా, ఇగ చాలు" అంది బుచ్చవ్వ.

"ఇంకొకటి."

"కండ్లు పైకిపోతున్నయ్ నీయి."

"ఇంకొక్కటి అవ్వా."

ఆగస్టు 27

కడుపు.

ఆగస్టు 28

నా కడుపునొప్పి తార్నాక అంతటా తెలిసిపోయింది. నేను బుచ్చవ్వ ముందు కూర్చుని తింటూనే ఉన్నానని, ఆపాలన్నా ఆపలేకపోయానని, కళ్ళు తేలేశానని చూసినవాళ్ళు చెప్పారట. ఇప్పుడు బాణామతికి రెండో రుజువు నేనే.

నేనే తినాలనుకుని తిన్నానని అమృతమ్మకు చెప్పాను. ఆమె నా తల నిమిరింది.

"గట్లనే అనిపిస్తది బిడ్డా."

లక్ష్మీనర్సయ్య భువనగిరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిపిస్తున్నాడు. ఆదివారం వస్తాడు. కట్టింది ఎవరో అందరి ముందు పేరు చెబుతాడట. ఆ తర్వాత ఏం చేస్తారని అడిగాను.

"ఏం చేస్తరు? మంత్రం పలకకుండ పండ్లు ఊడగొడ్తరు."

సాయంత్రం చెట్టు దగ్గరికి వెళ్ళాను. బుచ్చవ్వ ఖాళీ బుట్ట పక్కన కూర్చుని ఉంది. ఆదివారం ఇక్కడికి రావద్దని, ఎక్కడికైనా వెళ్ళమని చెప్పాను.

"ఏడికి పోవాలె? పోతే నేనే చేసిన్నంటరు. పండ్లు ఊడగొడ్తరట కొడుకా. ఉన్నయే మూడు. దొర్కవట్టుకునుడే కష్టమైతది వాళ్ళకు."

నవ్వింది. మూడే ఉన్నాయి.

కొత్త మాట ఏదీ రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 29

సమితి సమావేశం. కాలేజీ మెట్ల మీద.

"నిజం చెప్పేద్దాం" అన్నాను.

"చెప్తే చెట్టు పోతాది" అన్నాడు ఈశ్వరయ్య. "ఆ చెట్టు ఇంకా రెన్నూరేండ్లు బతుకుతాది. ముసలామె కష్టం నాలుగు దినాలు."

"పళ్ళు మళ్ళీ మొలుస్తాయా?" అంది రమాదేవి.

ఈశ్వరయ్య బాటనీ విద్యార్థి. మెట్ల సందులోని గడ్డి పీకుతూ కూర్చున్నాడు.

"కాలేజీలోంచి తీసేస్తే మా అమ్మ ముఖం ఎట్ల చూడాల?" అన్నాడు చివరికి, చాలా చిన్నగా. నాకూ అదే భయం. నాకు భయం లేదని ముందు పేజీల్లో రాసిందంతా అబద్ధం.

ఆగస్టు 30

నేనొక్కడినే లక్ష్మీనర్సయ్య ఆఫీసుకు వెళ్ళాను. గోడ మీద నా ఉత్తరం పటంలో ఉంది. బంగారు రంగు ఫ్రేము. దండ వేసి ఉంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. రెండో పేరాలో ఒక సమాసం ఇంకా బిగించాల్సింది.

"ఏం తమ్మీ, మా అక్క ఇంట్ల ఉండేటోనివి గద? కడుపు ఎట్లున్నది?"

మేకులు కొట్టింది నేనే అన్నాను. ఆయన నా చేతులు తిప్పి చూశాడు.

"గీ చేతులా? సుత్తి ఎప్పుడన్న పట్టినవా?"

"వేలు చూడండి. దెబ్బ తగిలింది."

"అరే, గది బాణామతి దెబ్బ. పరేషాన్ గాకు, ఎల్లుండి అంత సాఫ్ అయితది."

"దయ్యం లేదండీ. నిమ్మకాయలు పచ్చడివి."

"ముసలామె మీద దయతోని చెప్తున్నవ్. నీది మంచి మనసు." గోడ వైపు చూపించాడు. "గీ అచ్చరాలు చూడు. గిట్లాంటి పెద్దమనుషులున్న యూనివర్సిటీల మేకులు కొట్టేటోళ్ళు ఉంటరా?"

అది కూడా నేనే రాశానని చెప్పాను.

ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. చాయ్ తాగించి, తోడుగా మనిషినిచ్చి ఇంటికి పంపాడు. నిజం చెప్పడం ఇంత కష్టమని తెలియదు.

సెప్టెంబరు 1, ఆదివారం

ఈ రోజు జరిగింది వరుసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

పొద్దునే చెట్టు చుట్టూ జనం. తార్నాక అంతా అక్కడే, హాస్టళ్ళు అక్కడే. భూతవైద్యుడు స్కూటరు వెనక కూర్చుని వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, కాషాయం బనీను. బుచ్చవ్వ తన చోటునే, కంకుల బుట్ట ముందు పెట్టుకుని, గొంగడి కప్పుకుని కూర్చుంది. ఆమెకూ జనానికీ మధ్య ఖాళీ చోటు. అంత ఖాళీ చోటు నేను ఎప్పుడూ చూడలేదు. లక్ష్మీనర్సయ్య వెనక నలుగురు పహిల్వాన్లు నిలబడ్డారు. ఒకడి చేతిలో పట్టుకారు ఉంది.

వైద్యుడు కర్పూరం వెలిగించాడు. కళ్ళు మూసుకుని చేయి గాలిలో తిప్పాడు. ఆ చేయి మెల్లగా బుచ్చవ్వ వైపు దిగుతోంది.

నేను ఎప్పుడు కదిలానో నాకు తెలియదు. పహిల్వాను చేతిలోని పట్టుకారు లాక్కున్నాను. చెట్టు దగ్గరికి పోయి మొదటి మేకు పట్టి పీకాను. సులభంగానే వచ్చింది. నేను కొట్టినవన్నీ సగమే దిగాయి.

ఒక్కసారిగా కేకలు. జనం వెనక్కి తోసుకున్నారు. వైద్యుడు కళ్ళద్దాలు తీసేశాడు.

"అరేయ్, దయ్యాన్ని ఇడిసిండు! వానికే పడ్తది!"

"మేకులు కొట్టింది నేనే!" అని అరిచాను. రెండోది పీకాను.

"పట్టింది! అప్పుడే మాట్లాడుతున్నది సూడుండ్రి!"

మూడోది, నాలుగోది. అన్నీ పీకి జనం ముందు విసిరేశాను. వైద్యుడు దూరంనుంచే నా మీద నీళ్ళు చల్లాడు.

"ఎవరు నువ్వు? పేరు చెప్పు!"

"కొమురెల్లిని. ఎం.ఏ. తెలుగు, మొదటి సంవత్సరం."

"పిలగాని పేరే చెప్తున్నది. తెలివైన దయ్యం" అన్నాడు వైద్యుడు జనంతో.

అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. నిన్నటిదాకా విద్యార్థిగా చెబితే ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు నేను ఏం చెప్పినా వింటున్నారు. గొంతు పెంచాను.

"బుచ్చవ్వ నిర్దోషి! ఆమె యందు దోషము లేశమాత్రమును లేదు! ఆమెపై అభాండము మోపినవారు తక్షణమే క్షమాపణ వేడవలెను!"

జనం ఇంకో అడుగు వెనక్కి వేశారు. అమృతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, మా ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతడు! ఎప్పటిసంది పట్టిందో ఏమో!"

లక్ష్మీనర్సయ్య చేతులు జోడించి ముందుకు వచ్చాడు. బుచ్చవ్వకు దండం పెట్టాడు. నన్నే చూస్తూ ఒక కంకి కొని, అక్కడే తిన్నాడు. తర్వాత జనమంతా కొన్నారు. దయ్యం చూస్తుండగా కొనకుండా వెళ్ళడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. బుట్ట ఖాళీ అయింది.

ఇంటికి వచ్చి స్నానం చేశాక గుర్తొచ్చింది. అందరూ వింటున్నప్పుడు ఏం చెప్పినా జరిగేదే. చెట్టు సంగతి చెప్పడం మరిచిపోయాను.

సెప్టెంబరు 2

మేకులు పోయాయి, దయ్యం నాకు పట్టింది, ఇక చెట్టుకు ఏ దోషమూ లేదు. రేపు ఎంకన్న కోస్తాడు.

ఏడుపు ముఖంతో ఈశ్వరయ్య గదికి వెళ్ళాను. వాడు ఏడవడం లేదు.

"కొయ్యనీలేప్పా. లోపల నాది ఒకటుండాది."

పదహారో తేదీ పొద్దున నా వంకర మేకులు చూసి వాడికి నమ్మకం పోయిందట. ఒక పెద్ద మేకు తల కోసేసి, మానులోకి పూర్తిగా దించి, పైన బెరడు అతికించాడట. బయటికి కనబడదు. చెట్టును గాయపరచలేనని కాపలా తీసుకున్నవాడే.

"నంద్యాలలో రంపం విరిగితే కోసేవాడికి ఏమైంది?"

ఈసారి లెక్కపెట్టుకోవడానికి మేకులు లేవు. కిటికీ వైపు తిరిగాడు.

"మా మేనమామ. రెండు వేళ్ళు."

నేను లేచాను.

"చెప్తే చెట్టు పోతాది కొమురెల్లీ. మేకు పీకి కోసేస్తారు."

"చెప్పకపోతే ఎంకన్న చెయ్యి పోతుంది."

"నేను రాలేను. నువ్వు పో."

సెప్టెంబరు 3

నేను వెళ్ళేసరికి ఈశ్వరయ్య అక్కడే ఉన్నాడు. మానుకు వీపు ఆనించి, మేకు ఉన్న చోటు సరిగ్గా తన వీపుతో కప్పి కూర్చున్నాడు. రమాదేవి పక్కన నిలబడి ఉంది. ఎంకన్న, వాళ్ళ తమ్ముడు రంపం పట్టుకుని ఎదురు చూస్తున్నారు. లక్ష్మీనర్సయ్య కుర్చీ వేయించుకున్నాడు.

"లేవు తమ్మీ, పొద్దువోతున్నది" అన్నాడు ఎంకన్న.

"లేస్తాను. లోపల మేకుండాది. చూసి కొయ్యి" అన్నాడు ఈశ్వరయ్య. వాడి కళ్ళలో నీళ్ళు. "ఇక్కడ. చెయ్యి పెట్టి చూడు. నేనే దించినా."

ఎంకన్న బెరడు ఎత్తి చూశాడు. వేలితో తడిమాడు. రంపం తీసి తమ్ముడి భుజాన వేశాడు.

"పోదాం పా."

"అరే, పీకి కొయ్యి!" అన్నాడు లక్ష్మీనర్సయ్య.

"అన్ని పీకిండ్రనుకుంటే లోపల ఇంకొకటున్నది. ఇంకెన్నున్నయో ఎవనికెర్క? దయ్యం సంగతి ఏమో గని, రంపం పండ్లు ఊడితే మా పొట్ట ఎవడు నింపుతడు? నేను కొయ్య. ఇంకొకణ్ణి సూసుకో."

లక్ష్మీనర్సయ్య కుర్చీలోంచి లేచాడు. ఈశ్వరయ్యను తిట్టబోయి, పక్కనే నన్ను చూసి ఆగాడు. రెండు చేతులూ జోడించాడు.

"మీరేమంటరు?"

నన్ను 'మీరు' అన్నాడు. ఆయన అడిగింది నన్ను కాదని తెలుసు. దయ్యం లేదని ఇంకొకసారి చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. తల ఎత్తి చెట్టు వైపు చూశాను, కాస్త ఎక్కువసేపు. దాన్ని అబద్ధం అనరు.

"సరే, సరే" అన్నాడు లక్ష్మీనర్సయ్య చెమట తుడుచుకుంటూ. "రోడ్డు జరంత అటు మలుపుదాం."

సెప్టెంబరు 14

నన్ను క్యాంపస్‌లో దయ్యం కొమురెల్లి అంటున్నారు. లైబ్రరీలో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోరు. చదువు బాగా సాగుతోంది. దొంగల భయం ఉండదని అమృతమ్మ నన్ను గది ఖాళీ చేయనివ్వడం లేదు. పక్కింటి చిట్టెమ్మ గారు కూడా తన తలుపు ముందు రోజూ ఒకసారి నిలబడి వెళ్ళమంటోంది.

చెట్టు నిలిచింది, బుచ్చవ్వ పళ్ళు నిలిచాయి. అయినా నిద్ర పట్టడం లేదు. ఆమెకు నేను ఇంకా ఏమీ చెప్పలేదు. రోజూ ఆ దారినే వెళ్తున్నాను.

అక్టోబరు 6, ఆదివారం

చెప్పేశాను.

మక్కల కాలం అయిపోయింది. బుచ్చవ్వ సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. జనం లేని సమయం చూసి ఆమె ఎదుట కూర్చున్నాను. ఇంట్లో రెండు పేజీలు రాసుకుని, బట్టీపట్టి వెళ్ళాను. 'పశ్చాత్తాపం' దాకా వచ్చి మిగతాదంతా మరిచిపోయాను.

"అవ్వా, మేకులు కొట్టింది మేమే. నీ మీదికి వస్తదనుకోలేదు."

"నాకెర్క లేదా?"

నేను ఆమె ముఖం చూశాను.

"పంద్రాగస్టునాడు నేను ఏడికి పోయిన్ననుకున్నవ్? గీడనే ఉన్న గద."

"నిద్రపోయావు కదా. గురక పెట్టావు."

"డోలు దెబ్బకు నువ్వు మేకు గొడ్తివి. నీ మేకు దెబ్బకు నేను గురక పెడ్తి. నువ్వు తాళం తప్పి 'అమ్మా' అంటివి సూడు, గప్పుడు నవ్వు ఆపుకోలేక సచ్చిన." గొంగడితో నోరు మూసుకుని మళ్ళీ నవ్వింది. "చెట్టును కాపాడుతున్నరని సమజైంది. కాపాడనీ అని పండుకున్న."

"మరి అందరూ నిన్ను అంటుంటే చెప్పలేదేం? పట్టుకారు తెచ్చారు కదా!"

"చెప్తే మిమ్ముల కాలేజికెల్లి ఎల్లగొట్టి, చెట్టును కొట్టేద్దురు. గీ చెట్టు పోతే నేను ఏడ కూసోవాలె?" ఆమె ఒక సీతాఫలం నొక్కి చూసి, పండినదాన్ని నా చేతిలో పెట్టింది. "భయం లేకుండెనా అంటే ఉండె. ఆ దినం కాళ్ళు వణికినయ్, అందుకే లేవలే. అయినా నోట్లె మూడు పండ్లకు గింత చెట్టు వస్తున్నదంటే అగ్గువకే గద కొడుకా."

నేను రాసుకుని వెళ్ళిన రెండు పేజీల్లో ఆ మాటకు జవాబు లేదు.

పండు అక్కడే కూర్చుని తిన్నాను. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక చేతిలో పట్టుకున్నాను. బుచ్చవ్వ చెట్టు మొదలు చూపించింది.

ఈనాటి మాట: అగ్గువ, అంటే చవక. మా ఇంట్లో రోజూ అనేదే. రాయడం ఇదే మొదటిసారి.